క్షమాపణకు ఒక నమూనా

గుజో, 1989 జూలై 3

పెద్దమ్మా,

నువ్వు పంపిన ఎండుచేపలు అందాయి. పోస్టుమాన్ కంటే ముందు వాటి వాసనే అందింది. వర్క్‌షాపులో రంగుల బల్ల దగ్గరి ఆడవాళ్లు నలుగురూ ఎగబడి పంచుకున్నారు, నాకు తోకలు మిగిలాయి.

అసలు సంగతికొస్తాను. హోటళ్ల అద్దాల బీరువాల్లో పెట్టే బొమ్మ వంటకాలు చేయడంలో నువ్వు ఇదే వర్క్‌షాపులో పధ్నాలుగేళ్లు పండిపోయినదానివి. నాకొక ఉపాయం చెప్పు. నగోయాలో ఒక పెద్ద మిఠాయి దుకాణం వాళ్లు శరత్కాలపు మిఠాయికి మూడు వందల బొమ్మలు అడిగారు. గాజులా తేటగా ఉండే జెల్లీ ముక్క, లోపల ఎర్రటి మేపుల్ ఆకు, పైఅంచున మంచు పట్టినట్టు తెల్లరంగు. ఆ తేట ముక్క ఎపాక్సీతో, అంటే పోశాక గాజులా గట్టిపడే జిగురుతో పోయాలి. అచ్చుల బల్ల ఈ వసంతంలోనే నా చేతికొచ్చింది కదా, పని నాదే. ఇది బాగా వస్తే బల్ల నాకే ఖాయం చేస్తానని యజమాని కురోదాని గారు అన్నారు. నీ తర్వాత ఏ ఆడదానికీ ఆ బల్ల ఇవ్వలేదట.

చిక్కంతా అచ్చుతోనే. రబ్బరు అచ్చయితే ఎపాక్సీ తనంతట తానే ఊడొస్తుంది గానీ, నలభైసార్లు పోసేసరికి రబ్బరు చిరిగి మెరుపు పోతుంది. అందుకని యజమానిగారి అల్లుడు యసుహికో ఇత్తడి అచ్చు చేయించుకొచ్చాడు. పన్నెండు గుంటలు, అద్దంలాంటి మెరుగు. "ఇక చూసుకోండి, ఇది జీవితాంతం ఉంటుంది" అన్నాడు. నిజమే. మొదట పోసిన పన్నెండు ముక్కలు కూడా జీవితాంతం అందులోనే ఉండేలా కనిపించాయి. ఉడుంపట్టు పట్టాయి. వేడినీళ్లలో ముంచాను, కొయ్యసుత్తితో కొట్టాను, తిట్టాను. మూడు ఊడాయి, అవీ మూలలు విరిగి.

వాజిలిన్ రాస్తే ఊడాయి గానీ నా వేలిగీతలన్నీ ముక్కల మీద అచ్చుపడ్డాయి. సబ్బునీళ్లు రాస్తే మసకబారాయి. ఏం రాయమంటావు?

చిగుసా

*

యయిజు, జూలై 9

చిగుసా,

ముందు ఆ సుత్తి పక్కన పెట్టు. ఊడేటప్పుడు కొట్టేవాళ్లంతా పోసేముందు బద్ధకించినవాళ్లే.

మా రోజుల్లో అన్నీ మైనం బొమ్మలు, అచ్చులేమో అగర్‌వి. సముద్రపు పాచిని ఉడకబెట్టి గడ్డకట్టించిన అచ్చును వేడి మైనం పోసేముందు చన్నీళ్లలో ముంచి తీసేవాళ్లం. ఆ తడే మైనానికీ అచ్చుకూ అడ్డు. ముంచడం మరిచావో, రెండూ కలిసి ముద్దయ్యేవి. నీ ఎపాక్సీ నాకు కొత్త గానీ, అంటుకునే బుద్ధి అన్నిటిదీ ఒకటే.

అయినా నీకోసం రేవులో పడవలకు ఫైబర్ పలకలు పోసే ఒనుకి తాతను అడిగాను. ఆయన నన్ను మొదట ఎగాదిగా చూశాడు. "మిఠాయికా? పడవకు కాదా?" అని రెండుసార్లు అడిగాడు. తర్వాత చెప్పిందిది. నీళ్లలో కరిగే పలచని పొర ఒకటి దొరుకుతుందట, పూస్తే తప్పకుండా ఊడుతుంది గానీ ముడతలు ముక్క మీదికి దిగుతాయి. పడవకు ఫరవాలేదు, నీ గాజు మిఠాయికి పనికిరాదు. నీకు మైనం ముద్దే మంచిది. పలచగా పూసి, ఆరనిచ్చి, పాత నూలు యుకాతా అంగీ చింపిన గుడ్డతో మెరిసేదాకా రుద్దు. అలా ఆరు పూతలు వేయి. ముక్క ఊడాక గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి ఆల్కహాల్‌తో తుడిచి అప్పుడు రంగుకివ్వు.

సిలికాన్ స్ప్రే అని మరొకటి ఉందట. చిటికెలో పని అవుతుంది. కానీ ఆ తుంపర గాలిలో ఎగిరి ఎక్కడ వాలితే అక్కడ రంగు నిలవదు. "రంగేసే ఇంట్లో దాని మూత కూడా తీయొద్దని చెప్పమ్మా" అన్నాడు తాత.

తెత్సుజీ, అదే మీ యజమాని, నా ఊసెత్తుతాడా? ఎత్తకపోతే నువ్వూ ఎత్తకు.

మిత్సుయో పెద్దమ్మ

*

గుజో, ఆగస్టు 2

పెద్దమ్మా,

ఒనుకి తాత కాళ్లకు నా తరఫున దణ్ణం పెట్టు. ఆరు పూతల మైనం, ఒక్కో పూతకు పావుగంట రుద్దుడు. అచ్చు రెండుగా విప్పి బోర్లించి అరచేత్తో ఒక్కటి తట్టానంతే, పన్నెండూ గుడ్డ మీద పడ్డాయి. ఒకదాన్ని ఎత్తి పట్టుకుంటే దాంట్లోంచి కిటికీ కనపడింది. రంగుల బల్ల పెద్ద కికునో అక్క కళ్లద్దాలు తీసి మరీ చూసింది. "నోట్లో వేసుకునేలా ఉందే పిల్లా" అంది. ఆమె నోట అలాంటి మాట రావడం నేనెప్పుడూ వినలేదు. ఆ పూటంతా నాకు కాళ్లు నేల మీద ఆనలేదు.

యసుహికోకు మాత్రం ఇది నచ్చలేదు. రోజుకు పన్నెండే వస్తున్నాయని, పొద్దున పూటంతా నేను ఇత్తడిని ముద్దు చేస్తున్నానని అతని గొడవ. నిన్న స్ప్రే డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"ఒక్కసారి కొడితే చాలు. రెండో అచ్చు కూడా నడపొచ్చు" అన్నాడు.

"పక్కగదిలో రంగు వేస్తున్నారు. అది కొడితే వాళ్ల పని నాశనమవుతుంది."

"ఎవరు చెప్పారు?"

"యయిజులో పడవలు చేసే తాత."

అతను నవ్విన నవ్వు నీకు వినిపించాల్సింది. "ఓహో, ఇక మన వర్క్‌షాపును పడవలవాళ్లు నడుపుతారన్నమాట!"

నేను డబ్బా తీసుకెళ్లి పెరటిమెట్టు మీద పెట్టాను. అతను మళ్లీ లోపలికి తెచ్చాడు. నేను మళ్లీ బయట పెట్టాను. రంగుల బల్ల దగ్గర నలుగురూ తలలు వంచుకుని రొయ్యలకు రంగు వేస్తూనే ఉన్నారు.

బోన్ పండగకు అమ్మ సమాధి కడగడానికి ఒకటిన్నర రోజు సెలవు అడిగాను. నీ తరఫున కూడా అగరొత్తులు వెలిగిస్తాను.

చిగుసా

*

గుజో, ఆగస్టు 19

పెద్దమ్మా,

కొంప మునిగింది.

నేను అమ్మ సమాధి దగ్గర ఉన్న రోజు యసుహికో నా బల్ల దగ్గర కూర్చుని స్ప్రే కొట్టాడు. ఉక్కపోతగా ఉందని తలుపు బార్లా తీసి, ఫ్యాను రంగుల గది వైపు తిప్పి మరీ కొట్టాడు. నేను తిరిగొచ్చేసరికి ముక్కలు వెన్నలా ఊడొస్తున్నాయి. "చూశారా!" అన్నాడు. మర్నాడు కికునో అక్క తెల్లరంగు కుంచె ఆనించింది. రంగు నిలవలేదు. ఎక్కడికక్కడ గుండ్రంగా విడిపోయి గుంటలు పడింది. కడిగారు, తుడిచారు, మళ్లీ వేశారు. మళ్లీ గుంటలే. అంతకుముందు నేను మైనంతో పోసి బీరువాలో ఆరబెట్టినవీ అంతే. రొయ్యలు, టమాటా ముక్కలు, వరసగా పేర్చిన పీతకాళ్లు, అన్నీ మశూచి పోసినట్టు తయారయ్యాయి. మొత్తం నూట అరవై బొమ్మలు చెత్తలోకి పోయాయి.

ఆ రోజు పనికాగితం మీద ఎవరి ముద్ర ఉందో తెలుసా? నాది. సెలవు మీద వెళ్తూ, సంతకానికి బదులు వేసే నా పేరు ముద్రను సొరుగులోనే వదిలేశాను. అందరం వదిలేస్తాం. ఒకరు లేకపోతే వాళ్ల ముద్ర ఇంకొకరు వేసేస్తారు, ఎవరూ పట్టించుకోరు. అతనూ అలాగే వేసేశాడు.

యజమానిగారు నన్ను పిలిచి క్షమాపణ పత్రం రాసివ్వమన్నారు. నా అజాగ్రత్త వల్ల ఇదంతా జరిగిందని, ఇకపై జరగనివ్వనని నా చేత్తో రాసి ముద్ర వేయాలట. "అది నేను చేయలేదని మీకూ తెలుసు" అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "పని నీది, కాగితం మీద ముద్ర నీది. ఒక్క కాగితమే కదా" అన్నారు. పక్కనే యసుహికో పళ్లికిలించాడు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు నాకు అక్కడే ఒళ్లు మండింది.

రాయకపోతే అచ్చుల బల్ల పోతుంది. అట్టపెట్టెలు కట్టే పనిలోకి పంపుతారు. నేను రాయనన్నాను. సెప్టెంబరు మొదటి వారం దాకా గడువిచ్చారు.

చిగుసా

*

యయిజు, ఆగస్టు 23

చిగుసా,

రాసిచ్చెయ్.

కాగితం మీద నాలుగు వరసలు రాస్తే చెయ్యి అరగదు. నీకు ఆ పని ఇష్టం. ఆ బల్ల దగ్గర కూర్చున్నప్పుడు నీ ఉత్తరాలకే వేరే కళ వస్తుంది. దాన్ని పంతానికి పోగొట్టుకోకు. తల వంచినవాడి మీది నుంచి గాలి వెళ్లిపోతుంది. యజమాని తన అల్లుణ్ణి నలుగురిలో దోషిగా నిలబెట్టలేడు, ఆ సంగతి నీకూ తెలుసు, రంగులవాళ్లకూ తెలుసు. అందరికీ తెలిసినదాన్ని కాగితం మీద ఎలా రాస్తే ఏం? రాసి, ముద్ర వేసి, మరుసటి రోజు నుంచి నీ మైనం నువ్వు రుద్దుకో.

ఇక్కడ గాలివాన. వాకిట్లో ఆరబెట్టిన చేపలన్నీ లోపలికి తెచ్చాం, ఇల్లంతా అదే కంపు.

మిత్సుయో

*

గుజో, ఆగస్టు 28

మిత్సుయో పెద్దమ్మకు,

నువ్వు చెప్పావని నిజంగానే రాసిద్దామని వెళ్లాను. నాకు అలాంటి కాగితం రాయడం రాదన్నాను. యజమానిగారు ఎంతో దయగా బీరువా తీసి, పాత రేకుపెట్టెలోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టారు. "మా ఇంట్లో ఉన్నవాటిలో ఇంతకంటే చక్కగా రాసింది లేదు. ఇది చూసి రాయి. పేరు, తేదీ మార్చుకుంటే చాలు" అన్నారు.

ఇరవై ఏడేళ్ల కిందటి కాగితం. ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ చేతిరాత నాకు తెలుసు, ప్రతి నెలా ఎండుచేపల పెట్టె మీద చూస్తాను. "నా అజాగ్రత్త వలన అగర్ అచ్చులను నీళ్లలో ముంచక మైనము పోసి రెండువందల రొయ్యలను పాడు చేసితిని."

నువ్వా? అచ్చును నీళ్లలో ముంచడం మరిచిపోయింది నువ్వా? జూలైలో నాకు అదే పాఠం చెప్పిన నువ్వా? నేను నమ్మను. మరిచిపోతే పోనీ, మనుషులం, మరిచిపోతాం. కానీ నువ్వు మరవలేదు, అవునా? అందుకే నాకు రాసిచ్చెయ్ అన్నావు. నువ్వు తల వంచినప్పుడు గాలి వెళ్లిపోయిందా పెద్దమ్మా? నాకైతే ఇరవై ఏడేళ్లుగా ఆ పెట్టెలోనే ఉన్నట్టు కనిపిస్తోంది.

పేరు, తేదీ మార్చి అదే కాగితం నేను రాయను. నా తర్వాత వచ్చే పిల్ల ముందు దాన్ని పెడతారు. నిజమేమిటో నాకు చెప్పు. చెప్పకపోతే ఎండుచేపలు కూడా పంపొద్దు.

చిగుసా

*

యయిజు, సెప్టెంబరు 1

చిగుసా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద కోపంతో ఉన్నాను. మూడో రోజు కోపం ఎవరి మీదో తెలిసింది.

అచ్చులు ముంచనిది తెత్సుజీ. అప్పుడు వాడికి పంతొమ్మిదేళ్లు, నాకు ఇరవై నాలుగు. వాడికి పని నేర్పమని పెద్దాయన, అంటే వాడి నాన్న, నా చేతిలో పెట్టాడు. నేను ఊళ్లో లేని పూట వాడు రేడియో షాపు ముందు నిలబడి టీవీలో సుమో పోటీలు చూసొచ్చి, ఆలస్యమైందని ముంచకుండానే పోసేశాడు. నేను వచ్చేసరికి మైనం, అగర్ కలిసి రెండువందల రొయ్యలు ఒకే ముద్ద. వాడు ఏడ్చాడు. వాళ్లమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి టీ పోసి, "వాడు రేపటి యజమాని, వాడి పేరు మీద మచ్చ పడకూడదమ్మా. నువ్వైతే పెళ్లై వెళ్లిపోయేదానివి" అంది. నేను రాసిచ్చాను. అంత బాగా ఎందుకు రాశానో ఇప్పటికీ తెలియదు. తప్పు నాది కాదు కదా, కనీసం అక్షరాలైనా నావి కావాలనుకున్నానేమో.

ఆ తర్వాత తొమ్మిదేళ్లు ఏ పని చెడినా పెద్దాయన ఆ రేకుపెట్టె వైపు చూసేవాడు. చెడగొట్టింది ఎవరైనా సరే, చూపు మాత్రం నా మీదికే వచ్చేది. చివరికి నాకే అనుమానం పట్టుకుంది, నిజంగా నేనే మరిచిపోయానేమోనని! ఒకరోజు లేచి వచ్చేశాను. అసలు కారణం మీ అమ్మకు కూడా చెప్పలేదు. పెళ్లి కుదిరిందని మానేశానని అందరికీ చెప్పాను. నీ పెదనాన్నను నేను చూసింది ఆ తర్వాత రెండేళ్లకు.

రాసిచ్చెయ్ అన్నది నేను చేసింది తప్పు కాదని నీ చేత అనిపించుకోవడానికి. సిగ్గుగా ఉంది. రాయకు. ఆ బల్ల పోతే పోనీ. పెట్టెలు కట్టినా నీ పేరు నీ దగ్గర ఉంటుంది.

మిత్సుయో పెద్దమ్మ

*

గుజో, సెప్టెంబరు 7

పెద్దమ్మా,

రాశాను. కంగారు పడకు, పూర్తిగా చదువు.

ముందు మూడు పింగాణీ పలకలు తీసుకున్నాను. ఒకటి ఉత్తది, ఒకటి మైనం పూసి కడిగింది, ఒకటి స్ప్రే కొట్టి కడిగింది. స్ప్రే పని పెరట్లో, గాలి బయటి వైపు వీచేటప్పుడు చేశానులే. మూడింటి మీదా కికునో అక్క చేత తెల్లరంగు వేయించాను. మూడో పలక మీద అవే గుంటలు. పలకలు మూడూ యజమానిగారి టీకప్పు పక్కన పెట్టి, కింద నా కాగితం పెట్టాను. అందులో ఉన్నది ఇంతే:

"ఆగస్టు 14న నేను సెలవులో ఉన్నాను. ఆ రోజు సిలికాన్ స్ప్రే కొట్టింది యసుహికో గారు. వద్దని నేను ముందే చెప్పాను. నా తప్పు ఒకటుంది. నా ముద్రను సొరుగులో వదిలి వెళ్లాను. అందుకు క్షమించండి. ఇకపై అది నా జేబులోనే ఉంటుంది."

ఆయన ముఖం బీట్‌రూట్‌లా అయింది. "ఇదా క్షమాపణ?" అన్నారు. "నేను చేసినదానికి ఇంతే అవుతుందండీ" అన్నాను.

సోమవారం నుంచి పెట్టెల గదికి పొమ్మన్నారు. నేను ఏప్రన్ విప్పుతున్నాను. అప్పుడు కికునో అక్క కుంచె కడిగి, తుడుచుకుని, లోపలికి వెళ్లి ఒక కాగితం ఆయన ముందు పెట్టింది. "స్ప్రే కొడుతుంటే చూసి నోరు మూసుకున్నాను. క్షమించండి. కికునో." వెనకే మిగతా ముగ్గురు. తలా ఒక కాగితం, అందరిదీ అదే మాట. ముందురోజు టీ తాగేటప్పుడే రాసి పెట్టుకున్నారట! నాకు చెప్పలేదు.

"ఏమిటిది? తిరుగుబాటా?" అన్నారాయన.

"క్షమాపణ అడిగారుగా, ఇచ్చాం" అంది కికునో అక్క. "తిలాపాపం తలా పిడికెడు. అందులో ఒక పిడికెడు తీసుకోవాల్సినవాళ్లు ఇంకా ఒకరు మిగిలారు."

గదిలో అందరం యసుహికో వైపు చూశాం. మూడు వందల ముక్కలు ఇరవయ్యో తారీఖుకల్లా వెళ్లాలి, మైనం పూయడం నాకొక్కదానికే తెలుసు, రంగు వేయడం ఆ నలుగురికే తెలుసు. అతను మింగలేక కక్కలేక నిలబడి, చివరికి పనికాగితం మీద నా ముద్రను కొట్టేసి పక్కన తన ముద్ర వేశాడు. ఎంత గట్టిగా నొక్కాడంటే సిరా వెనకపక్కకు దిగింది. నేను ఏప్రన్ మళ్లీ కట్టుకున్నాను. స్ప్రే డబ్బాలు చెత్తబండిలో వెళ్లాయి.

ఒక్కటే కుదరలేదు. నీ కాగితం ఇమ్మని అడిగాను. యజమానిగారు ఇవ్వలేదు. "అది అయిపోయిన కథ. రాసిన మనిషే ఎప్పుడూ అడగలేదు, నీకెందుకు?" అన్నారు.

చిగుసా

*

యయిజు, సెప్టెంబరు 11
(చిగుసా, ఇది నకలు. అసలు కాగితం రిజిస్టర్డ్ పోస్టులో మీ యజమానికి పంపాను.)

క్షమాపణ పత్రం

కురోదాని తెత్సుజీకి,

రాసిన మనిషి ఎప్పుడూ అడగలేదన్నావట. నిజమే. ఇప్పుడూ అడగను. ఇరవై ఏడేళ్ల కిందట, షోవా 37వ సంవత్సరంలో నేను రాసిన కాగితం నీ దగ్గరే ఉంచుకో.

దాని గురించి నా తప్పు ఒప్పుకుంటున్నాను. ఆ రెండువందల రొయ్యలను పాడు చేసింది నువ్వు. నీ తప్పును నా పేరుతో రాసిచ్చింది నేను. ఆ పని వల్ల పంతొమ్మిదేళ్ల నీకు, చేసిన తప్పు ఎవరో ఒకరు మోస్తారన్న పాఠం నేర్పాను. మైనం పోయడం నేర్పమని మీ నాన్న నిన్ను నాకు అప్పగిస్తే నేను నేర్పింది అది. నువ్వు దాన్ని మరవలేదు, నీ అల్లుడికీ నేర్పావు. నా చెల్లెలి కూతురి ముందు నా చేతిరాత పెట్టి కాపీ చేయమనేదాకా తెచ్చావు. ఇందులో నా వాటా నాది. అందుకు చిగుసాను, కికునోను, ఆ బల్లల దగ్గర కూర్చున్న ప్రతి మనిషినీ క్షమించమని అడుగుతున్నాను. నిన్ను అడగడం లేదు.

ఇకపై ఇలా జరగకుండా నేను చేయగలిగింది ఒక్కటే. ఈ కాగితాన్ని ఆ రేకుపెట్టెలో పాతదానికి పైన పెట్టు. రేపెవరికైనా నమూనా కావాలంటే దీన్ని చూపించు.

మిత్సుయో
(ముద్ర నా చేత్తో నేనే వేశాను.)